జీటీ3 ఆర్‌ఎస్‌ను నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద నడపాలంటే

రేసు ట్రాక్ కోసం పుట్టి, నంబర్ ప్లేటు కట్టుకొని రోడ్డెక్కే కార్లు లోకంలోనే తక్కువ. మసెరాటి ఎంసీ12 రోడ్డు బండ్లు 50 చేశారు, ఫెరారీ ఎఫ్50లు 349. ఆ జాతిలో ఇవాళ మన దగ్గర కొని, రిజిస్ట్రేషన్ చేయించుకొని నడుపుకోగలిగిన బండి పోర్షే 911 జీటీ3 ఆర్‌ఎస్. టర్బో లేని 4 లీటర్ల ఇంజిన్, ఆరు సిలిండర్లు, 525 హార్స్‌పవర్, 9,000 ఆర్‌పీఎం దాకా తిరుగుడు, 1,450 కిలోల బరువు. కింద చెప్పిన అంకెలన్నీ దీని 992 తరానివి (992 అనేది 911లో ఒక తరానికి కంపెనీ పెట్టుకున్న నంబరు). లాంబోర్గిని హురకాన్ ఎస్‌టీఓ లాంటి బండి ఉన్నవాళ్లకు కూడా పద్ధతి ఇదే, కొలతలు మాత్రం మీ మాన్యువల్‌లో చూసుకోవాలి.

హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు దిగినాక దక్షిణ తెలంగాణలో ఈ బండికి పనికొచ్చే తొవ్వలు రెండు. షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా కర్నూలు వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఒకటి. చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా విజయవాడ వైపు పోయే 65వ నంబరు రహదారి ఇంకొకటి. కల్వకుర్తి, మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయే 765 సంగతి వేరు, దాన్ని తర్వాత చూద్దాం.

ఈ తొవ్వల మీద బండికి దెబ్బ తగిలేది వేగంగా పోతున్నప్పుడు అనుకుంటారు చాలామంది. దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు, అసలు దెబ్బలన్నీ నిమ్మళంగా పోయేటప్పుడే తగులుతాయి. ఊరి ముందర స్పీడ్‌బ్రేకర్ ఎక్కేటప్పుడు, టోల్ గేటు వరసలో ఎండకు నిలబడ్డప్పుడు, పంక్చరైన బండిని రికవరీ లారీ ఎక్కించేటప్పుడు. అందుకని మన తయారీ అంతా ఆ ఘడియల కోసమే ఉండాలి.

రెక్క చేసే పని ఎంత

బండి వెనుక భాగంలో, కప్పు కంటే ఎత్తుగా నిలబడే పెద్ద రెక్కను చూసి, ఏ మలుపులోనైనా బండి నేలకు అతుక్కుంటుందని నమ్మేవాళ్లున్నారు. కంపెనీ చెప్పిన లెక్క ఇది: గంటకు 285 కి.మీ. వేగంలో గాలి బండిని 860 కిలోల బలంతో కిందికి నొక్కుతుంది, 200 దగ్గర 409 కిలోలు. గాలి బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడుతుంది. అంటే గంటకు 100 కి.మీ. దగ్గర మీకు దొరికేది సుమారు వంద కిలోలు. డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ హద్దు కూడా ఆ 100 కి.మీ.లే. బోర్డు మీద అంతకన్నా తక్కువ రాసి ఉంటే అదే లెక్క.

కాబట్టి మన రోడ్డు మీద పట్టు అంతా టైరు రబ్బరుదే. ఆ రబ్బరు వేడెక్కితే తప్ప పనిచేయని రకం. డిసెంబర్, జనవరి నెలల్లో పొద్దుగాల ఆరింటికి బయల్దేరితే మొదటి 15, 20 కిలోమీటర్లు మామూలు కారు కంటే ఈ కారే ఎక్కువ జారుతుంది. ఆ దూరం గట్టి యాక్సిలరేటర్, గట్టి బ్రేకు రెండూ వద్దు. చక్రాలు జారకుండా పట్టుకునే ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆపే ఆలోచన ఈ రోడ్ల మీద ఎప్పుడూ రావొద్దు. స్టీరింగ్ మీద ఉన్న గుండ్రటి నాబ్‌లతో సస్పెన్షన్‌ను, వెనుక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌ను మార్చుకునే వీలుంది గానీ అది ట్రాక్ మోడ్ కోసం పెట్టింది. రోడ్డు మీద నార్మల్ మోడ్‌లో, మెత్తటి అమరికలో ఉంచితే గతుకు మీద చక్రం గాలిలోకి లేవకుండా నేలను పట్టుకొని ఉంటుంది.

కింద ఖాళీ: కొలిచి తెలుసుకోవాల్సిన సంగతి

ఒక చెక్క ముక్క తీసుకోండి. ట్యాంకు నింపి, ఇద్దరు మనుషులు కూర్చున్నాక, చదును నేల మీద బండి కింద మూడు చోట్ల కొలిచి ఆ చెక్క మీద గీతలు గియ్యండి: ముందు పెదవి (బంపర్ కింది అంచు) కింద ఖాళీ, ముక్కును పైకెత్తే ఫ్రంట్ లిఫ్ట్ లేపినప్పుడు అదే చోట ఖాళీ, రెండు ఇరుసుల నడిమధ్యలో పొట్ట కింద ఖాళీ. ఈ చెక్క ఎప్పుడూ బండిలో ఉండాలి. అనుమానమున్న స్పీడ్‌బ్రేకర్ దగ్గర దిగి పక్కన నిలబెట్టి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది.

ఫ్రంట్ లిఫ్ట్ ఈ బండికి ఆప్షన్. కొనేటప్పుడే పెట్టించుకోండి, తర్వాత బిగించడం పెద్ద పని. అది ముందు ఇరుసును మాత్రమే మూడు, నాలుగు సెంటీమీటర్లు లేపుతుంది. ముందు పెదవికి దాని లాభం పూర్తిగా అందుతుంది, నడిమధ్యలో పొట్టకు మాత్రం సగమే. స్పీడ్‌బ్రేకర్ల మీద పొట్ట రాసుకునేది చాలాసార్లు ఇందుకే: ముందు భాగం దాటిపోయింది కదా అని నడిపేవాళ్లు నిశ్చింతగా కదిలిస్తారు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం కట్టిన స్పీడ్‌బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. జీటీ3 ఆర్‌ఎస్ ఇరుసుల మధ్య దూరం 2,457 మి.మీ. అంటే నడుమకు వచ్చేసరికి ముందు చక్రాలు, వెనుక చక్రాలు అన్నీ ఆ వంపు మీదనే ఉంటాయి. లెక్క కడితే పొట్ట కిందికి వంపు పొడుచుకొచ్చేది 44 మి.మీ. మాత్రమే. అలాంటిది పది కనబడ్డా భయం లేదు.

భయమంతా ఊరివాళ్లు ఒక యాక్సిడెంట్ చూసి కడుపు మండి రాత్రికి రాత్రి సిమెంటుతో పోసుకున్న వాటితోనే. అర మీటరు వెడల్పు, 12 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తు. ముందు చక్రాలు దిగిపోయి, వెనుకవి ఇంకా ఎక్కకముందు, ఆ ఎత్తు మొత్తం పొట్ట కిందికి వస్తుంది. జాతీయ రహదారి దిగి ఊళ్లలోకి పోయే రోడ్ల మీద ఇలాంటివే ఎక్కువ.

దాటే తీరు ఇది. ముందే ఆగి లిఫ్ట్ లేపండి, అది పూర్తిగా లేచిందని డాష్‌బోర్డు మీద గుర్తు వచ్చేదాకా కదలొద్దు. ఎదురుగా, వెనుక ఎవరూ లేకుంటే బండిని ఏటవాలుగా, కనీసం 30 డిగ్రీల కోణంలో పెట్టండి, ఒక్కో చక్రం ఒక్కోసారి ఎక్కేటట్టు. వేగం మనిషి నడక కంటే తక్కువ. బ్రేకు మీద కాలు పెట్టుకొని ఎక్కితే ముక్కు కిందికి వంగి రెండు సెంటీమీటర్ల ఖాళీ పోతుంది, కనుక పెదవి స్పీడ్‌బ్రేకర్ మీదికి రాకముందే బ్రేకు వదలండి. పక్కన ఒక మనిషి వంగి చూస్తూ చెప్పాలి: “రానీ అన్నా, రానీ... జర ఆగు... ఎడమ తిప్పు, రానీ” అని. ఆ మనిషి చూడాల్సింది పెదవిని కాదు, పొట్టను. డివైడర్ ఉన్న రోడ్డు మీద, లారీలు వచ్చే తొవ్వలో ఏటవాలు పద్ధతి పనికిరాదు. నేరుగా, ఇంకా నెమ్మదిగా పోవాలి, పట్టదనిపిస్తే వెనక్కి తిప్పుకోవాలి.

లిఫ్ట్ ఒక వేగం దాటగానే దానంతటదే దిగుతుంది. వరసగా నాలుగైదు స్పీడ్‌బ్రేకర్లుంటే మధ్యలో వేగం పెంచకుండా లేపి ఉంచి పోవడం మేలు. ఇంజిన్ ఆపి మాటిమాటికీ లేపితే బ్యాటరీ దిగుతుంది.

చక్రాల కింద వేసి బండిని ఎక్కించడానికి చెక్కలు కూడా కావాలి. మీటరు పొడుగు, 4 సెంటీమీటర్ల మందం, 40 సెంటీమీటర్ల వెడల్పువి రెండు. ముందు టైరు 275 మి.మీ., వెనుకది 335 మి.మీ. వెడల్పు, అందుకని 30 సెంటీమీటర్ల చెక్క వెనుక టైరుకు చాలదు. ఇవి ఈ కారులో పట్టవు. ముందు డిక్కీ ఉండాల్సిన జాగాలో రేడియేటర్ కూర్చుంది, సీట్ల వెనుక ఉన్నది చిన్న జాగా. కాబట్టి వెంట ఇంకొక బండి, ఇన్నోవా లాంటిది, రావాల్సిందే. అది షోకు కోసం కాదు. చెక్కలు, నీళ్లు, పనిముట్లు, ఇద్దరు మనుషులు అన్నీ అందులోనే.

ముక్కులోని రేడియేటర్

మిగతా 911లలో రేడియేటర్లు ముందు మూలల్లో ఉంటాయి. ఆర్‌ఎస్‌లో రేసు బండ్ల పద్ధతిలో ఒకే పెద్ద రేడియేటర్ నడుమ వాలుగా పడుకొని ఉంటుంది. వేడి గాలి బానెట్ మీది రెండు రంధ్రాల్లోంచి పైకి పోతుంది. ఆ గాలి వెనుక ఇంజిన్ పీల్చే దారిలోకి రాకుండా కప్పు మీది చిన్న చిన్న రెక్కలు పక్కకు మళ్లిస్తాయి. గొప్ప ఏర్పాటే, కాని నోరు పెద్దది, నేలకు దగ్గర, మన రోడ్డు మీద ఎగిరేవన్నీ దానికి అందుతాయి.

నల్లగొండ, పాలమూరు రెండూ పత్తి జిల్లాలు. అక్టోబర్ నుంచి జనవరి దాకా మిల్లులకు పోయే లారీలు, ట్రాక్టర్ల మీద నుంచి దూది పింజలు పింజలుగా రాలుతుంది. వడ్ల కోతల్లో, వానాకాలం పంటకు నవంబర్ ప్రాంతంలో, యాసంగికి ఏప్రిల్‌లో, పొట్టు లేస్తుంది. పొట్టు దులిపితే రాలుతుంది. దూది రాలదు, రేడియేటర్ సన్నటి రేకుల మధ్య ఇరుక్కొని, పైన దుమ్ము, పురుగులు అతుక్కొని, పలకలా గట్టిపడుతుంది. బయటికి చూస్తే బండి శుభ్రంగానే ఉంటుంది, నీళ్ల ఉష్ణోగ్రత మాత్రం రోజూ ఉండే దానికన్నా నాలుగైదు డిగ్రీలు పైన నిలబడుతుంది. ఆ తేడాయే మొదటి గుర్తు. మీ బండి ఏ వేగంలో, ఏ ఎండలో ఎంత చూపిస్తుందో ముందే రాసి పెట్టుకుంటేనే అది పట్టుబడుతుంది.

శుభ్రం చేసేటప్పుడు కార్ వాష్‌లో వాడే ప్రెషర్ గన్ ముక్కులో పెట్టొద్దు, రేకులు మడతపడితే ఆ జాగాలో ఇక గాలి పారదు. బండి పూర్తిగా చల్లారాక టార్చి పట్టి చూసి, మెత్తటి కుంచెతో రేకుల నిలువు దిశలో దువ్వి, వాక్యూమ్‌తో పీల్చి, ఆఖర్న గార్డెన్ పైపుతో మామూలు ధారలో కడగాలి. పత్తి కాలంలో ప్రతి ప్రయాణం తర్వాతా, మిగతా రోజుల్లో మూడు నాలుగు ప్రయాణాలకొకసారి.

నిలబడ్డప్పుడు రేడియేటర్‌కు ఫ్యాను గాలి తప్ప ఇంకేం అందదు. మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు మామూలు. తారు మీద నేలకు జానెడు ఎత్తున గాలి ఇంకా వేడి. ఎల్‌బీ నగర్, హయత్‌నగర్ ట్రాఫిక్ దాటి పంతంగి టోల్ వరసలో నిలబడేసరికి బండి సహనం అయిపోతుంది. ఎండాకాలం ఈ బండితో తెల్లారి ఐదున్నరకు బయల్దేరి తొమ్మిదింటికల్లా తిరిగి అవుటర్ రింగు రోడ్డు ఎక్కెయ్యాలి. సంక్రాంతి, దసరా ముందు రోజుల్లో 65వ నంబరు రోడ్డు అసలే వద్దు.

వరసలో జరిగేటప్పుడు బండిని అంగుళం అంగుళం పాకనివ్వొద్దు. పీడీకే అనే ఈ బండి ఆటోమేటిక్ గేరుబాక్స్‌లో రెండు క్లచ్‌లు ఉంటాయి, పాకుతున్నంతసేపూ అవి రాసుకుంటూ వేడెక్కుతాయి. ముందు బండి రెండు కార్ల దూరం పోయేదాకా బ్రేకు మీద ఆగి, తర్వాత ఒక్కసారిగా కదిలి ఆగండి. వెనుకవాళ్లు హారన్ కొడతారు, కొట్టనివ్వండి.

టైర్లు

కంపెనీ చెప్పిన గాలి ఒత్తిడి చల్లటి టైరుకు, బార్‌లలో ఉంటుంది. మన దగ్గర పంక్చర్ షాపులో, బంకులో పీఎస్‌ఐ నడుస్తుంది. ఒక బార్ అంటే 14.5 పీఎస్‌ఐ. “35 పెట్టనా అన్నా?” అని అడిగితే తల ఊపొద్దు, మీ స్టిక్కర్ మీది అంకెను ఇంట్లోనే పీఎస్‌ఐలోకి మార్చి రాసుకొని పోండి, సొంత గేజ్ తీసుకుపోండి.

వేడికి ఒత్తిడి ఎంత పెరుగుతుందో ఒక లెక్క. పొద్దున 25 డిగ్రీలున్నప్పుడు 2.2 బార్ పెట్టారనుకుందాం. మధ్యాహ్నానికి టైరు 65 డిగ్రీలకు చేరితే లోపల సుమారు 2.6 అవుతుంది, అంటే ఆరు పీఎస్‌ఐ పైన. అది సహజం. వేడి మీద చూసి ఎక్కువైందని గాలి తీసేస్తే, తెల్లారి చల్లటి టైరులో తక్కువ గాలితో బయల్దేరతారు. టైరు గోడలు ఎక్కువ వంగి, లోపల నుంచి వేడెక్కి, అసలు ప్రమాదం అప్పుడు వస్తుంది. నైట్రోజన్ నింపినా ఈ పెరుగుదల ఇంతే. తేమ ఉండదన్నది ఒక్కటే దాని లాభం.

ట్రాక్ కోసం చక్రాలను లోపలికి వంచి అలైన్‌మెంట్ చేయించినవాళ్లు 44వ నంబరు లాంటి తిన్నటి రోడ్డు మీద తిప్పితే టైరు లోపలి అంచు మాత్రమే అరుగుతుంది. బయట నుంచి చూస్తే కొత్త టైరులా ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ముందు టైరు లోపలి అంచుకు చెయ్యి పెట్టి తడిమి చూడండి. వెనుక వాటికి ఫోన్ కిందికి పెట్టి ఫోటో తీయండి. అలైన్‌మెంట్ రోడ్డు కొలతలకు మార్పించుకోవడం ఖర్చు తక్కువ పని.

వానలో ఈ టైర్లు నీళ్లను పక్కకు నెట్టలేవు. గాడులు తక్కువ, వెడల్పు ఎక్కువ, బండి బరువు తక్కువ: మూడూ కలిసి నీటి పొర మీద తేలిపోవడానికే దారి తీస్తాయి. డివైడర్ పక్కన నీళ్లు నిలిచే వరసను వదిలేసి ఎడమ వరసలో 60కి లోపు పోండి. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే ఎంత లోతో చూడటానికి కూడా దిగొద్దు, వెనక్కి రండి.

వడ్లు ఆరబోసిన చోట సగం రోడ్డు మూసి, అంచుకు రాళ్లు పెట్టి ఉంటారు. వడ్ల మీద చక్రం పోతే పట్టు ఉండదు, రైతు కష్టం కూడా నలుగుతుంది. ఆ రాళ్లు పెదవికి సరిగ్గా అందే ఎత్తులో ఉంటాయి. కోతల కాలంలో ఊరి రోడ్లు మానుకోండి. వానాకాలంలో పొలం దిగి వచ్చే ట్రాక్టర్ల కేజ్ వీల్స్ (దమ్ము చేసే ఇనుప చక్రాలు) తారును గాట్లు గాట్లుగా కోస్తాయి, ఆ తొవ్వ మీద గట్టి సస్పెన్షన్ బండి నడపడం హింస. ఇక టిప్పర్ల వెనుక, కంకర, ఎం శాండ్ ఏదైనా సరే, వంద మీటర్ల దూరం ఉంచండి. వేడెక్కిన మెత్తటి రబ్బరు గులకరాళ్లను ఎత్తుకొని వెనుక చక్రాల ముందున్న బాడీ మీదికి విసురుతుంది. పెయింట్‌ను కాపాడే పారదర్శక ఫిల్మ్ ముక్కుకు వేయించినా వేయించకపోయినా ఆ భాగానికి తప్పక వేయించాలి.

పంక్చర్, రికవరీ

స్టెప్నీ లేదు. ఉండేది సీలెంట్ డబ్బా, చిన్న కంప్రెసర్. నడుమ భాగంలో మేకు దిగితే సీలెంట్ పనిచేస్తుంది, డబ్బా మీద రాసిన వేగం దాటకుండా దగ్గరి సురక్షితమైన చోటు దాకా పోవచ్చు. పక్క గోడ చిరిగితే, రిమ్ వంగితే కదపొద్దు. 20 అంగుళాల ముందు టైరు, 21 అంగుళాల వెనుక టైరు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి.

పంక్చర్ షాపులో చక్రం ఊడదీయించడం మాత్రం చెయ్యొద్దు. ఐదు బోల్టులు లేవు, నడుమ ఒకే పెద్ద నట్టు. దానికి ప్రత్యేకమైన సాకెట్ కావాలి, బిగింపు 600 న్యూటన్ మీటర్లు. మామూలు కారు వీల్ బోల్టు బిగింపుకు ఇది నాలుగైదు రెట్లు. 600కి బిగించి, 60 డిగ్రీలు వదులు చేసి, మళ్లీ 600కి బిగించాలి. బిగించేటప్పుడు లోపల ఒక మనిషి బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోవాలి. కంపెనీ చెప్పిన అల్యూమినియం పేస్టు చెప్పిన చోటే రాయాలి. గాలి గన్నుతో కొడితే నట్టు లోపలి లాక్ దెబ్బతింటుంది. సిరామిక్ బ్రేకులున్న బండిలో ఇంకో గండం: ముందు డిస్కు 410 మి.మీ., చక్రం బయటికి లాగేటప్పుడు డిస్కు అంచుకు తగిలితే పెచ్చు లేస్తుంది, డిస్కు మార్చాల్సి వస్తుంది. దారి పట్టే గైడ్ పిన్నులు పెట్టకుండా చక్రం తీయొద్దు.

కాబట్టి బండిని మొత్తంగా పైకెక్కించుకొని పోయే ఫ్లాట్‌బెడ్ లారీ నంబరు బయల్దేరకముందే మాట్లాడి పెట్టుకోండి. మాట్లాడేటప్పుడు అడగాల్సినవి: బెడ్ పూర్తిగా నేలకు దిగుతుందా, తాడుతో లాగే విన్‌చ్ ఉందా, చక్రానికి కట్టే బెల్టులున్నాయా. వెనుక చక్రాలు లేపి లాక్కుపోయే క్రేన్ బండి వస్తే పంపించెయ్యండి.

ఎక్కించేటప్పుడు లిఫ్ట్ లేపి, బెడ్ మొదట్లో మీ చెక్కలు వేసి వాలు తగ్గించండి. ముందు బంపర్‌లో చిన్న మూత తీసి, టో హుక్ చివరిదాకా తిప్పి బిగించి, విన్‌చ్ తాడు దానికే తగిలించాలి. పైకి చేరాక బిగించేది టైర్ల మీదుగా వేసే బెల్టులతోనే. డ్రైవర్ అలవాటు కొద్దీ లోపలి సస్పెన్షన్ ఆర్మ్‌లకు గొలుసు వేస్తాడు. ముందే మర్యాదగా చెప్పండి: “అన్నా, బెల్టులు టైర్లకే ఎయ్యుండ్రి, లోపలి రాడ్లకు ఎయ్యొద్దు, వంగిపోతయ్.” రెక్క పట్టుకొని ఎవరూ నెట్టొద్దు. అది కింద ఆనుకొని నిలబడ్డది కాదు, పై నుంచి వేలాడదీసినది. పక్కకు నెట్టే బలం కోసం చేయలేదు.

పెట్రోలు, ఆయిలు

ఈ ఇంజిన్ కంప్రెషన్ 13.3:1. కోరేది 98 ఆక్టేన్ పెట్రోలు (ఒత్తిడికి ముందే మండిపోకుండా పెట్రోలు ఎంత ఓర్చుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్). ఎక్స్‌పీ100, పవర్ 99 లాంటి ఎక్కువ ఆక్టేన్ పెట్రోళ్లు హైదరాబాద్‌లో కొన్ని బంకుల్లోనే ఉంటాయి, అక్కడే నింపుకొని బయల్దేరండి. తక్కువ ఆక్టేన్ పోస్తే ఇంజిన్ వెంటనే పాడు కాదు. పెట్రోలు వేళ తప్పి మండుతోందని పసిగట్టే నాక్ సెన్సర్ స్పార్కును వెనక్కి జరిపి కాపాడుకుంటుంది, శక్తి తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. ట్యాంకు మూత లోపల రాసి ఉన్న ఇథనాల్ హద్దు కూడా చూసుకోండి. ట్యాంకు 64 లీటర్లు. లీటరుకు ఏడు కిలోమీటర్లే వేసుకున్నా జడ్చర్ల, మహబూబ్‌నగర్ పోయి రావడానికి సగం చాలు. శ్రీశైలం రానూపోనూ 430 కిలోమీటర్ల పైచిలుకు. అదే లెక్కన ట్యాంకు దాదాపు ఖాళీ అవుతుంది.

ఆయిలు ఉష్ణోగ్రత 80 డిగ్రీలు దాటేదాకా 4,000 ఆర్‌పీఎం మించొద్దు. నీళ్ల ముల్లు ముందే నడుమకు వస్తుంది, దాన్ని చూసి మోసపోవద్దు. ఇది డ్రై సంప్ ఇంజిన్, ఆయిలు వేరే ట్యాంకులో ఉంటుంది. చదును నేల మీద, బండి వేడెక్కి, ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతుండగా స్క్రీన్ మీద చూస్తేనే నిజమైన మట్టం. చల్లటి బండిలో తక్కువ చూపిందని పోస్తే ఎక్కువైపోయి, పీల్చే దారిలోకి పోయి పొగ వస్తుంది. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు డబ్బా ఒకటి వెంట ఉంచుకోండి, బంకులో దొరికిందేదో పొయ్యొద్దు.

శ్రీశైలం రోడ్డు

అందమైన తొవ్వ, ఈ బండికి తగనిది. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసి ఉంటుంది. జంతువుల కోసం వేసిన స్పీడ్‌బ్రేకర్లు ఉన్నాయి, కోతులు రోడ్డు మీదే కూర్చుంటాయి, చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు, అంటే ఫ్లాట్‌బెడ్‌ను పిలవడానికి కూడా వెంట వచ్చిన బండి వెనక్కి పోవాలి. అయినా పోతామంటే ఇది గుర్తుంచుకోండి: దోమలపెంట దాటాక కృష్ణ వైపు దిగే ఘాట్‌లో గేరు చేత్తో రెండు, మూడులో పెట్టుకొని ఇంజిన్‌తోనే ఆపుకోండి. అక్కడ బస్సు మలుపు తీసుకుంటే రోడ్డంతా దానిదే. మా మాట వింటే కల్వకుర్తి దగ్గర తిప్పుకోండి.

కాగితాలు

మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో రేసులు, వేగ పరీక్షలు వర్తించవు. రోడ్డు మీద పందెం వేసి దెబ్బ తగిలితే క్లెయిము తిరస్కరిస్తారు, కేసు వేరే. టైర్లు, రిమ్‌లకు విడిగా కవర్ తీసుకోండి, ఈ జిల్లాల్లో ఎక్కువ పోయేవి అవే. ముందు నంబరు ప్లేటు తీసి డాష్‌బోర్డు మీద పెట్టుకోవడం చట్టానికి ఒప్పదు. బిగించేటప్పుడు గాలి దారికి అడ్డం రాకుండా కంపెనీ బ్రాకెట్ వాడించండి.

తిరిగొచ్చాక

చివరి ఐదు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి బ్రేకులు, ఆయిలు చల్లార్చండి. వేడి డిస్కుల మీద నీళ్లు కొట్టొద్దు, ఇనుప డిస్కు వంకర తిరుగుతుంది. కనీసం గంట ఆగండి. కడిగాక ఇనుప డిస్కుల మీద ఎర్రటి తుప్పు పొర కనబడుతుంది, పది సార్లు బ్రేకు వేస్తే పోతుంది. తర్వాత టార్చి పట్టుకొని కింద పడుకొని పొట్ట చూడండి. ప్లాస్టిక్ అండర్‌ట్రే మీద కొత్త గీతలుంటే ఎక్కడ తగిలిందో ఆ రోజే రాసుకోండి. వేలాడుతున్న క్లిప్పు ఉంటే మార్చండి, గాలి దాన్ని పట్టుకొని మొత్తం పలకనే పీకేస్తుంది.

ఫామ్‌హౌస్‌లో నెలల తరబడి ఉంచేవాళ్లకు నాలుగు మాటలు. బ్యాటరీ లిథియం రకమైతే దానికి సరిపడే మెయింటైనర్ (చార్జి దిగకుండా నిలిపి ఉంచే చార్జర్) మాత్రమే తగిలించండి, పాత లెడ్ బ్యాటరీ చార్జర్ దాన్ని చంపుతుంది. టైర్లలో అర బార్ ఎక్కువ గాలి పెట్టండి, ఒకే చోట నొక్కుకుపోకుండా ఉంటాయి. దుమ్ము మీద కవర్ కప్పితే ఎర్రమట్టి పెయింట్‌ను గీస్తుంది, కడిగి ఆరాకే కప్పండి. షెడ్డులో వడ్ల బస్తాలు, పశువుల దాణా ఉండొద్దు, ఎలుకలు వచ్చి వైర్లు కొరుకుతాయి. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపడం బండికి కీడే: ఆయిలు వేడెక్కదు, లోపల ఊరిన నీళ్లు ఆవిరై పోవు. మూడు, నాలుగు వారాలకొకసారి బయటికి తీసి, ఆయిలు 90 డిగ్రీలకు చేరాక ఇంకో ఇరవై నిమిషాలు నడిపి పెట్టండి. అంత తీరిక లేకుంటే స్టార్ట్ చేయకుండా మెయింటైనర్ మీద వదిలెయ్యడమే నయం.